కావలి బోరు నీళ్లలో, ఈ ఎండల్లో కోరీ చేపలను నిలుపుకోవడం ఎలా?

తొట్టికాపరి (కావలి) – ఏప్రిల్ చివరి వారం

అందరికీ నమస్కారం. మాది కావలి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు గల మంచినీటి తొట్టి ఒకటి మా ముందుగదిలో ఏడాదిన్నరగా ఉంది. అందులో గప్పీలు, ప్లాటీలు ఏ ఇబ్బందీ లేకుండా పెరిగి, పిల్లలు పెట్టి, ఇరుగుపొరుగు ఇళ్లకు పంచేంతగా వృద్ధి చెందాయి. తొట్టి అడుగు మాత్రం ఎప్పుడూ బోసిగా కనిపించేది. మార్చి మొదట్లో దుకాణంలో కోరీ చేపలను చూశాం. బొటనవేలంత చేప, మూతి దగ్గర చిన్న మీసాలు, గుంపుగా అడుగంతా వెతుక్కుంటూ తిరగడం, మధ్యమధ్య కన్ను గీటినట్టు కదిలించడం చూసి మా అమ్మాయి అక్కడి నుంచి కదలలేదు. చెన్నై కొళత్తూరు నుంచి ఆ వారమే వచ్చిన సరుకని చెప్పారు. కంచురంగువి మూడు, పాండా రకంవి మూడు, మొత్తం ఆరు తెచ్చుకున్నాం.

నేటికి ఏడు వారాలు. పాండాలు మూడూ ఒకదాని వెనుక ఒకటి చనిపోయాయి. చివరిది నిన్న మధ్యాహ్నం పోయింది. కంచురంగు చేపలు బతికే ఉన్నాయి కానీ వాటి మీసాలు సగానికి సగం అరిగిపోయాయి. వాటిలో ఒక చేపైతే రెండు మూడు నిమిషాలకొకసారి నీటి పైకి దూసుకువచ్చి, గాలి గుటక వేసి, మళ్లీ కిందికి పోతున్నది. మా అమ్మాయి ఆ చేపనే చూస్తూ కూర్చుంటున్నది.

తప్పు నా వైపే ఉంటే దిద్దుకోవాలన్న ఉద్దేశంతో వివరాలన్నీ ఇస్తున్నాను. నీళ్లు మా ఇంటి బోరువి. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు 1,150 చూపుతున్నది, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.2. నీటి వేడి తెల్లవారుజామున 29 డిగ్రీలు, మధ్యాహ్నం రెండు గంటలకు 31 నుంచి 32 డిగ్రీలు. ఇంటికి ఫ్లోరింగు చేయించినప్పుడు మిగిలిన తెల్లని మొజాయిక్ చిప్స్‌ను అడుగున పరిచాను. లోపల ఒక చిన్న మోటారు ఫిల్టరు తిరుగుతుంది. పైన తేలే రేకుల మేతను రెండు పూటలా వేస్తాను. పదిహేను రోజులకొకసారి మూడో వంతు నీళ్లు మారుస్తాను. కోరీలకు వేరే మేత అవసరం లేదనీ, అడుగున పడిన మురికిని తినే అవి బతుకుతాయనీ దుకాణంలో చెప్పారు.

పాండాలు ఎందుకు పోయాయో, మిగిలిన మూడింటిని ఈ వేసవి దాటించే మార్గం ఏమిటో చెప్పగలరా? ఇంకొక సందేహం కూడా ఉంది. మా బంధువులు కాలువలో పట్టిన చిన్న జెల్ల పిల్లలను తెచ్చి ఇస్తామంటున్నారు. ఇవీ మీసాల చేపలే కదా, మన ఎండకు అలవాటుపడినవి కదా, కోరీల బదులు వాటినే తొట్టిలో వేసుకోవచ్చునా?

పలకరాయి (ఒంగోలు)

తొట్టికాపరి గారూ, మీ పాండాలు పోయినందుకు నాకూ బాధగా ఉంది. ఒంగోలులో తొమ్మిదేళ్లుగా కోరీలను పెంచుతున్నాను. మొదటి వేసవిలో నేనూ సరిగ్గా ఈ రకాన్నే, సరిగ్గా ఈ నెలలోనే పోగొట్టుకున్నాను. కనుక ముందుగా ఎండ సంగతి చెబుతాను, తక్కినవన్నీ దాని తరువాతే.

కోరీలన్నీ దక్షిణ అమెరికా చేపలే అయినా వాటి పుట్టిళ్లు ఒకదానికొకటి చాలా దూరం. ట్రినిడాడ్ దీవి నుంచి అర్జెంటీనాలోని లాప్లాటా నది వరకు, ఆండీస్ పర్వతాలకు తూర్పున ఉన్న వాగులలో, నదులలో ఇవి బతుకుతాయి. పాండా పెరూ దేశంలోని ఉకాయాలీ నదీ పరీవాహక ప్రాంతానిది. కొండల మీది నుంచి దిగే చల్లని నీళ్లు చేరే వాగులు దాని నివాసం. 20 నుంచి 25 డిగ్రీల మధ్య అది హాయిగా ఉంటుంది. మీ తొట్టిలో తెల్లవారుజామున ఉన్న 29 డిగ్రీలే దానికి ఎక్కువ. ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టుండే ఇంకొక రకం కూడా దుకాణాలలో తరచుగా కనిపిస్తుంది. డార్విన్ బీగిల్ నౌకాయానంలో సేకరించిన చేపలలో అదీ ఒకటి, 1842లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. దక్షిణాన చలి ప్రాంతపు చేప కావడంతో అది పాండా కంటే కూడా చల్లదనం కోరుతుంది. ఏసీ గది ఉంటే తప్ప ఈ రెండు రకాలనూ నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఎవరూ కొనకూడదన్నది నా గట్టి అభిప్రాయం. డిసెంబరులో కొన్నవాళ్లకు అవి చక్కగా ఆడుతూ కనిపిస్తాయి, అందుకే రోహిణి కార్తె ఎలా ఉంటుందో అప్పుడు గుర్తుకు రాదు.

మన ఎండకు తగిన కోరీ స్టెర్బాయ్. తల మీద తెల్లని చుక్కలు, ఛాతీ రెక్కలు నారింజ రంగులో ఉంటాయి. బ్రెజిల్, బొలీవియాల మధ్య పారే గ్వాపోరె నది దాని స్వస్థలం. వేడి నీళ్లు కోరే డిస్కస్ చేపలతో కలిపి 28 డిగ్రీల దగ్గర పెంచేవాళ్లు సాధారణంగా దీనినే ఎంచుకుంటారు. మీ దగ్గర మిగిలిన కంచురంగు చేపది మధ్యస్థమైన ఓపిక. గాలి బాగా అందుతూ, నీళ్లు శుభ్రంగా ఉంటే వేసవిలో కొన్ని వారాల పాటు 28, 29 డిగ్రీలను అది తట్టుకుంటుంది. 32 డిగ్రీల దగ్గర రోజుల తరబడి ఉంచితే మాత్రం తట్టుకోలేదు. పేర్ల విషయంలో ఒక్క మాట. 2024లో వెలువడిన పరిశోధనతో శాస్త్రజ్ఞులు కోరీడోరస్ అనే పెద్ద ప్రజాతిని విడదీసి కంచురంగు చేపను ఆస్టియోగాస్టర్‌లోను, పాండా, స్టెర్బాయ్‌లను హోప్లిసోమాలోను చేర్చారు. దుకాణాలలో అందరూ కోరీ అనే అంటారు కనుక మనమూ అలాగే అనుకుందాం.

వేడి తగ్గించడానికి నాకు బాగా పనిచేసినది తొట్టి మీది అద్దపు మూత తీసేసి, దాని స్థానంలో దోమతెర వంటి వల కట్టి, నీటి ఉపరితలం మీదుగా ఏటవాలుగా గాలి తగిలేటట్టు చిన్న ఫ్యాను పెట్టడం. నీరు ఆవిరవుతూ తన వేడిని తీసుకుపోతుంది. పడమటి గాలి పొడిగా వీచే రోజులలో మా ఇంట్లో 32 నుంచి 29కి దిగుతుంది. సముద్రపు గాలి తిరిగి, ఒళ్లు జిగటగా ఉండే సాయంత్రాలలో అంత దిగదు. ఫ్యాను పెట్టిన తొట్టిలో రోజుకు రెండు మూడు లీటర్లు కూడా తగ్గవచ్చు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. తగ్గిన మేరకు మీరు బోరు నీళ్లు పోస్తూపోతే మే నెలాఖరుకు టీడీఎస్ 1,500 దాటుతుంది. కనుక ఆ లోటును ఎప్పుడూ లవణాలు తక్కువగా ఉండే క్యాన్ నీళ్లతోనే భర్తీ చేయండి. మంచుగడ్డ కట్టించిన సీసాలను తొట్టిలో వేసే పద్ధతిని నేను మానేశాను. గంటలో నాలుగు డిగ్రీలు పడిపోయి, మళ్లీ మూడు గంటలలో పెరగడం చేపకు నిలకడైన వేడి కంటే ఎక్కువ హాని చేస్తుంది. లైటును మధ్యాహ్నం పూట ఆర్పివేయండి, పడమటి గోడకు ఆనుకుని ఉంటే తొట్టిని మరో గోడకు మార్చండి.

అడుగు గురించి. మొజాయిక్ చిప్స్ అంటే పాలరాయి ముక్కలు. వాటి అంచులు పదునుగా ఉంటాయి, పైగా అది సున్నపు రాయి. ఒక ముక్క మీద వెనిగర్ చుక్కలు వేసి చూడండి, సన్నని బుడగలు వస్తాయి. మీరు రేపు మెత్తని (లవణాలు తక్కువగా ఉన్న) నీళ్లు కలిపి నీటి గాఢతను తగ్గించినా ఆ రాళ్లు కొద్దికొద్దిగా కరిగి సున్నాన్ని మళ్లీ నీటిలోకి చేరుస్తూ ఉంటాయి. అన్నింటికన్నా ముఖ్యం, కోరీ మేత వెతికే తీరుకే అవి అడ్డం. అది మూతిని కళ్ల వరకు ఇసుకలో దించి, నోటి నిండా ఇసుక తీసుకుని, తినదగిన రేణువును ఉంచుకుని, తక్కిన ఇసుకను మొప్పల గుండా వదిలేస్తుంది. ఇసుక పరిచిన తరువాత మొదటి సాయంత్రం మీ మూడు చేపలనూ చూడండి, అవి వేరే చేపలేమో అనిపిస్తుంది.

పెన్నా ఇసుకను సన్నని జల్లెడలో పట్టి, కడిగిన నీళ్లు తేటగా వచ్చే దాకా బకెట్‌లో కడిగి వాడవచ్చు. గూడూరు, చిల్లకూరు వైపు గాజు పరిశ్రమ కోసం తవ్వే తెల్ల సిలికా ఇసుక ఇంకా మంచిది, దానిలో సున్నం ఉండదు. అయితే వేళ్ల మధ్య రుద్ది చూసి, గరుకుగా గుచ్చుకునేదాన్ని వదిలేసి నున్నగా జారేదాన్ని తీసుకోవాలి. మైపాడు నుంచో కొత్తపట్నం నుంచో సముద్రపు ఇసుక తెద్దామన్న ఆలోచన వద్దు. అందులో ఉప్పూ ఉంటుంది, గవ్వల పొడీ ఉంటుంది. మీ తొట్టికి మూడు సెంటీమీటర్ల మందాన సుమారు 13 కిలోలు సరిపోతుంది. అంతకంటే మందంగా పరిస్తే లోపలి పొరలు కుళ్లుతాయి. దాక్కునే చోటుకు నేను మార్కాపురం పలకరాయి ముక్కలను మూడింటిని పేర్చి గుహలా కట్టాను. నల్లని పలక మీద కంచురంగు మెరుపు ఎంత అందంగా ఉంటుందో చూడవలసిందే. చీమకుర్తి గ్రానైటు కూడా నీటిని మార్చదు, కానీ కోత మిషను దగ్గర దొరికే ముక్కల అంచులను సానరాయి మీద అరగదీయాలి.

ఇక మురికి తిని బతుకుతాయన్న మాట. అది వినీ వినీ నాకు కోపం వస్తుంది. కోరీ పురుగులను, చిన్న నీటి జీవులను తినే చేప. చేపల రెట్టను అది తినదు. మీ గప్పీలు పైనే రేకులను ముగించేస్తుంటే ఏడు వారాలుగా వీటికి అందింది బహుశా చాలా తక్కువ. మునిగే గుళికల మేతను, దీపం ఆర్పిన పది నిమిషాల తరువాత, పలకరాయి మీద వేయండి. వారానికి రెండుసార్లు గడ్డకట్టించి అమ్మే రక్తపు పురుగులను (బ్లడ్‌వర్మ్స్ అనే ఎర్రని లార్వాలను) గానీ, పెరటి వానపామును కడిగి సన్నగా తరిగి గానీ పెట్టండి. డ్రైనేజీలలో పట్టిన ట్యూబిఫెక్స్ పురుగులను మాత్రం వద్దు.

చెరువుగట్టు (ముత్తుకూరు)

నేను అక్వేరియం మనిషిని కాను. పదకొండేళ్లుగా వనామీ రొయ్యల చెరువుల దగ్గర సాంకేతిక సలహాదారుగా పనిచేస్తున్నాను, ఇంట్లో రెండు చిన్న తొట్లు ఉన్నాయి. పలకరాయి గారు చెప్పినవాటితో ఏకీభవిస్తూ, నీటి వైపు నుంచి రెండు విషయాలు చేరుస్తాను.

ఒకటి ప్రాణవాయువు. 25 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు, 32 డిగ్రీల దగ్గర అది సుమారు 7.3 మాత్రమే. తేడా చిన్నదిగా కనిపించవచ్చు, కానీ వేడి పెరిగేకొద్దీ చేపకూ, ఫిల్టరులోని బాక్టీరియాకూ, కుళ్లుతున్న మేతకూ కావలసిన ఆక్సిజన్ పెరుగుతూ పోతుంది. ఒకవైపు రాబడి తగ్గి, మరోవైపు ఖర్చు పెరిగినట్టు. చెరువులలో మేము అర్ధరాత్రి దాటిన తరువాత ఏరేటర్లు ఆపకపోవడానికి కారణం ఇదే. నాచు, మొక్కలు రాత్రంతా పీల్చుకుని తెల్లవారే వేళకు నీటిలో ఆక్సిజన్‌ను అట్టడుగుకు తెస్తాయి. మీ చేప పైకి వచ్చి గాలి మింగడం దానికి పుట్టుకతో వచ్చిన నేర్పు, దాని పేగులోని వెనుక భాగం ఆ గాలి నుంచి ఆక్సిజన్‌ను రక్తంలోకి తీసుకోగలదు. గంటలో ఏ నాలుగైదుసార్లో అలా వస్తే చింతించనవసరం లేదు. రెండు నిమిషాలకొకసారి అంటే అడుగున దానికి ఊపిరి అందడం లేదన్న మాట. ఒక ఏరేటరు కొని, దానికి స్పాంజి ఫిల్టరు తగిలించి, ఈ రోజే పెట్టండి. ఫ్యాను కంటే ముందు అది కావాలి.

రెండోది చేపల విసర్జన నుంచి, కుళ్లిన మేత నుంచి వచ్చే అమ్మోనియా. పరీక్షా ద్రావణం చూపే అమ్మోనియా మొత్తంలో విషపూరితమైన భాగం ఎంత అన్నది పీహెచ్ మీద, వేడి మీద ఆధారపడుతుంది. దుకాణంలో 26 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7.2 ఉన్న తొట్టిలో ఆ భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. మీ తొట్టిలో పీహెచ్ 8.2, వేడి 31 డిగ్రీలు. ఇక్కడ అది నూటికి పన్నెండు వంతులు. అంటే అదే కొలత అక్కడ ఏ హానీ చేయదు, మీ తొట్టిలో చంపుతుంది. రొయ్యల మందుల దుకాణాలలో అమ్మోనియా కిట్టు దొరుకుతుంది. మంచినీటికి పనికివచ్చేదాన్ని అడిగి తీసుకుని కొలిచి చెప్పండి.

ఒక హెచ్చరిక కూడా. మన ప్రాంతంలో చేపకు ఏం జరిగినా గుప్పెడు కల్లుప్పు వేసే అలవాటు ఉంది. గప్పీలు దాన్ని భరిస్తాయి, కోరీకి అది మేలు చేయదు. మీ బోరులో ఇప్పటికే ఉప్పు ఎక్కువ. అలాగే చెరువులలో వాడే రాగి కలిసిన మందులను దేనినీ తొట్టి దగ్గరికి రానీయవద్దు.

పెన్నాతీరం (నెల్లూరు)

జెల్లల ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నేను చెబుతాను, తొట్టికాపరి గారూ. మా నాన్నగారు చెరువు చేపల వ్యాపారం చేసేవారు, జెల్లలను చిన్నప్పటి నుంచి చూశాను. ఒంటి పొడవునా చారలతో వేలెడంత ఉన్న జెల్ల పిల్ల ఎంతో ముచ్చటగా ఉంటుంది, మన వేడికీ మన నీళ్లకూ అది తట్టుకుంటుంది. కానీ అది రాత్రి వేటాడే చేప. నోట పట్టే ప్రతిదాన్నీ మింగుతుంది. మీ గప్పీ పిల్లలు ఒక్క వారంలో మాయమవుతాయి, తరువాత గప్పీల వంతు వస్తుంది. ఛాతీ రెక్కల ముల్లు గుచ్చుకుంటే చెయ్యి చాలాసేపు సలుపుతుంది, మీ ఇంట్లో పిల్లలున్నారు. జెల్లలను పెంచాలన్న ఇష్టముంటే వాటికి విడిగా ఒక తొట్టి కట్టి పెంచండి. నాకైతే ఆ ఆలోచన ఎంతో నచ్చుతుంది, మన వాగుల చేపలను మనమే పట్టించుకోవడం లేదు. కోరీల స్థానంలో మాత్రం వాటిని పెట్టవద్దు.

దుకాణంలో తొట్టి శుభ్రం చేసే చేప అని చెప్పి 'సక్కర్' పిల్లను అంటగట్టబోతే దాన్నీ తీసుకోకండి. అద్దానికి నోరు అంటించి ఉండే ఆ చేప ఒక అడుగు పొడవు దాటి పెరుగుతుంది. పెంచలేక జనం వదిలేయడం వల్లనే అది రాష్ట్రంలోని చెరువులలోకి చేరి, వలలు చింపుతూ జాలరులను ఏడిపిస్తున్నది. మీ దగ్గరున్న ఏ చేపనైనా, ఎంత చిన్నదైనా, కాలువలో గానీ పెన్నలో గానీ వదలవద్దని మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

నీళ్ల విషయంలో నా లెక్క ఇది. ఒక వంతు బోరు నీటికి రెండు వంతులు క్యాన్ నీరు కలపండి. క్యాన్ నీటి టీడీఎస్ 60 అనుకుంటే మిశ్రమం సుమారు 420కి వస్తుంది. కొళత్తూరు వైపు తొట్లలో పుట్టి పెరిగిన కంచురంగు చేపకు అది చాలు, అమెజాన్ మెత్తని నీళ్ల కోసం మనం తాపత్రయపడనక్కరలేదు. అయితే తొందర వద్దు. ఒక్క రోజులో 1,150 నుంచి 420కి దించితే అదే ఇంకొక దెబ్బ అవుతుంది. వారానికి రెండుసార్లు, ప్రతిసారీ అయిదో వంతు చొప్పున మూడు నాలుగు వారాల పాటు మారుస్తూ దించండి. మున్సిపల్ కుళాయి నీళ్లు దొరికే రోజున పట్టుకుంటే ఏరేటరు పెట్టి ఒక రాత్రీ పగలూ ఉంచి, క్లోరిన్ పోయిన తరువాత వాడండి.

ఒక విషయంలో పలకరాయి గారితో విభేదిస్తున్నాను. మీసాలు అరిగింది పదునైన రాళ్ల వల్ల అని ఆయన మాటలలో ధ్వనించింది. గరుకు రాళ్లున్న తొట్టిలోనూ నిండు మీసాలతో ఉన్న కోరీలను నేను చూశాను, మెత్తని ఇసుక మీదే మీసాలు పోగొట్టుకున్నవాటినీ చూశాను. మేత రాళ్ల సందులలోకి జారి, అక్కడ కుళ్లి, ఆ కుళ్లులో పెరిగే బాక్టీరియా మీసాలను తినేస్తుంది. అసలు దోషం మురికిది.

తొట్టికాపరి (కావలి)

ఇంత ఓపికగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. చెరువుగట్టు గారు చెప్పినట్టు అదే రోజు సాయంత్రం ఏరేటరు, స్పాంజి ఫిల్టరు తెచ్చి పెట్టాను. మరునాటికే పైకి దూసుకురావడం బాగా తగ్గింది. మా అమ్మాయి గడియారం పెట్టుకుని లెక్కపెట్టింది, గంటకు ఏడుసార్లు.

కిట్టుతో కొలిస్తే అమ్మోనియా 0.5 వచ్చింది. ఇది ఎక్కువా, తక్కువా? నిన్న చిప్స్‌ను ఒక మూల నుంచి తీయడం మొదలుపెట్టాను. కింద రెండు వేళ్ల మందాన నల్లని బురద, కుళ్లిన గుడ్డు వాసన. పెన్నాతీరం గారి మాట నిజమనిపించింది. అన్నింటినీ ఒకేసారి తీసేయవచ్చునా?

చెరువుగట్టు (ముత్తుకూరు)

0.5లో నూటికి పన్నెండు వంతులంటే లీటరుకు 0.06 మిల్లీగ్రాములు విష రూపంలో ఉన్నట్టు. 0.05 దాటితే రోజుల తరబడి మొప్పలు దెబ్బతింటూ ఉంటాయి. వేడికి ఇప్పటికే అలసిపోయిన పాండాలకు ఇది తోడై ఉంటుంది.

చేపలు తొట్టిలో ఉండగా ఒకేసారి తీయవద్దు. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. చెరువు అడుగున నల్ల మట్టిని కదిపినప్పుడు రొయ్యలు తేలడం నేను కళ్లారా చూశాను. చేపలను పాత నీళ్లతోనే ఒక బకెట్‌లోకి మార్చి, ఏరేటరు అందులో పెట్టి, అప్పుడు అడుగు మొత్తం తీసి కడగండి. వల వాడవద్దు, వాటి ముళ్లు దారాలలో చిక్కుకుంటాయి. స్టీలు గిన్నెతో నీళ్లతో సహా ముంచి తీయండి. పాత ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగకుండా తొట్టి నీళ్లలోనే పిండండి, అందులోని బాక్టీరియాయే ఇకముందు మీ అమ్మోనియాను తింటుంది. తరువాత రెండు వారాలు మేత సగం చేసి, రోజు విడిచి రోజు కొలవండి.

పలకరాయి (ఒంగోలు)

పెన్నాతీరం గారి దిద్దుబాటును ఒప్పుకుంటున్నాను. రాయి గీస్తుంది, ఆ గీతలోకి మురికి దిగుతుంది, అరగదీసేది మురికే. తొట్టికాపరి గారికి జరిగినది కూడా అదే. అయినా ఇసుక పరచమనే అంటాను, ఎందుకంటే ఇసుక మీద మేత లోపలికి జారకుండా పైనే నిలుస్తుంది, మిగిలితే కనిపిస్తుంది, ట్యూబుతో లాగేయవచ్చు. మీసాల మొదళ్లు మిగిలి ఉంటే అవి కొంతవరకు మళ్లీ పెరుగుతాయి.

వేసవి పోయేదాకా కొత్త చేపలను కొనవద్దు. కొన్నప్పుడు కంచురంగువే ఇంకొక మూడు నాలుగు తీసుకోండి, ఒకే రకంవి ఆరైనా ఉంటేనే వాటికి ధైర్యం. ఒకే సంచిలో ఎక్కువ చేపలు కుక్కితే ఒప్పుకోవద్దు. బెదిరిన కోరీలు వదిలే విషం ఆ కొద్దిపాటి నీటిలో వాటినే చంపడం మా హాబీలో చాలామందికి అనుభవమే.

తొట్టికాపరి (కావలి) – నవంబరు

ఆర్నెల్ల తరువాత రాస్తున్నాను. కంచురంగు చేపలు మూడూ వేసవి దాటాయి. మే నెలలో ఫ్యాను పెట్టిన తరువాత తొట్టి 29 డిగ్రీలు దాటింది నాలుగు రోజులే. సిలికా ఇసుక పరిచాను, పలకరాయి గారి పద్ధతిలోనే మార్కాపురం పలకలతో గుహ కట్టాను. అమ్మోనియా జూన్ రెండో వారానికి సున్నాకు వచ్చి మళ్లీ పెరగలేదు. ఇప్పుడు టీడీఎస్ 430, పీహెచ్ 7.6. రెండింటి మీసాలు దాదాపు పూర్తిగా తిరిగి వచ్చాయి, మూడోదానికి ఒక వైపు మొండిగానే మిగిలింది, కానీ మేతకు అదే ముందు వస్తుంది. సెప్టెంబరులో ఇంకొక నాలుగింటిని తెచ్చి మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి తరువాత కలిపాను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేక పడిన ఇబ్బంది గుర్తుండి, ఈసారి ముందుగానే బ్యాటరీతో నడిచే ఏరేటరు కూడా కొని పెట్టాను.

మొన్న వాయుగుండం వచ్చి రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడింది. ఆ చల్లదనంలోనే నీళ్లు మార్చాను, తొట్టి 24 డిగ్రీలకు దిగింది. నిన్న తెల్లవారుజామున మా అమ్మాయి కేక వేసి లేపింది. మగ చేపలు రెండు ఒక లావుపాటి ఆడ చేప వెంట అద్దం పొడుగునా పరుగులు తీస్తున్నాయి. ఆడ చేప కింది రెక్కలను దోసిలిలా మడిచి, అందులో రెండు మూడు గుడ్లు పట్టుకుని, అద్దాన్ని మూతితో తుడిచి అక్కడ అంటిస్తున్నది. ఫిల్టరు నీళ్లు తగిలే మూలలో, పలక మీద కలిపి యాభై మూడు గుడ్లు లెక్కపెట్టాం. గప్పీలు అప్పుడే వాటి చుట్టూ తిరుగుతున్నాయి. ఇప్పుడు ఏం చేయాలి?

పెన్నాతీరం (నెల్లూరు)

మీ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. ఆలస్యం చేయకండి. గుడ్లు పెట్టి కొన్ని గంటలైతే గట్టిపడతాయి, వేలి కొసతో మెల్లగా దొర్లిస్తే అద్దం నుంచి ఊడి వస్తాయి. పలక మీది గుడ్లను పలకతో సహా తీయండి. అయిదు లీటర్ల డబ్బాలో అదే తొట్టి నీళ్లు పోసి, ఏరేటరు బుడగలు గుడ్ల పక్కగా సన్నగా పోయేటట్టు అమర్చండి. వీధిలో రాలిన నాటు బాదం ఆకు ఎండినది ఒకటి కడిగి అందులో వేయండి, అది విడిచే కషాయం బూజును కొంత అడ్డుకుంటుంది. పూటపూటకూ చూసి, తెల్లగా మారిన గుడ్డును వెంటనే తీసేయండి. మంచి గుడ్డు లేత గోధుమరంగుకు తిరుగుతుంది. మూడు నుంచి అయిదు రోజులలో పిల్లలు బయటికి వస్తాయి. పొట్ట కింది పచ్చసొన కరిగే దాకా రెండు రోజులు మేత వేయవద్దు. ఆ తరువాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యవంటి చిన్న జీవి) పిల్లలను కొద్దికొద్దిగా వేయాలి. ముత్తుకూరు వైపు రొయ్యల హేచరీలలో రోజూ వాడే మేతే కనుక చెరువుగట్టు గారు ఒక చెంచాడు ఆర్టీమియా గుడ్ల పొడి ఇప్పించగలరేమో అడగండి.

చెరువుగట్టు (ముత్తుకూరు)

తప్పకుండా. శనివారం కావలి వైపు వస్తున్నాను, తెచ్చి ఇస్తాను. పొదిగించడానికి లీటరు నీటికి 25 గ్రాముల ఉప్పు కలిపి, గాలి గట్టిగా పెట్టి, ఒక రోజు ఉంచాలి. ఆ ఉప్పు నీళ్లు మీ డబ్బాలో పడకుండా, పిల్లలను సన్నని గుడ్డలో వడగట్టి మంచినీళ్లతో కడిగిన తరువాతే వేయండి.